క్యూలో మీ ఫోన్ ఎక్కడ?

ఒకే ఇల్లు. ఒకే టవరు. నాలుగు ఫోన్లు. నాలుగింటిలోనూ సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి. అయినా ఒకరికి సినిమా ఆగకుండా నడుస్తుంటే మరొకరికి చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎందుకలా? మనం డబ్బు కట్టేది డేటాకా, వేగానికా, లేక వరసలో ముందు నిలబడటానికా?

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. భోజనాలయ్యాయి. ముందుగదిలో నాన్నగారు క్రికెట్ చూస్తున్నారు. వంటింట్లో అమ్మ అత్తయ్యతో వీడియో కాల్‌లో ఉంది. పెరట్లో తమ్ముడు ఆటలో మునిగిపోయాడు. మేడమీద అక్క మాత్రం ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. రేపు పొద్దున్నే కాలేజీలో ఇవ్వాల్సిన ప్రాజెక్టు ఫైలు వెళ్లడం లేదు.

''నాన్నా, ఒక్కసారి నీ ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టవా? నాది ఆగిపోయింది.''

''ఆగిపోవడమేంటమ్మా? మొన్నేగా అన్‌లిమిటెడ్ వేయించింది!''

అన్‌లిమిటెడే. ప్లాన్ పేరులో ఆ మాట పెద్ద అక్షరాలతోనే ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: 'రోజువారీ పరిమితి దాటిన తర్వాత వేగం 64 కేబీపీఎస్'. ఆ చిన్న అక్షరాలు చదివే తీరిక మనకెక్కడిది?

ఇది మన దగ్గరి కథ. డాలస్‌లో చదువుకుంటున్న పిల్లాడి కథ కాస్త వేరు. అతడి డేటా అయిపోలేదు. గదిలో ఉంటే నెట్ గుర్రంలా పరుగెడుతుంది. శనివారం సాయంత్రం పెద్ద స్టేడియం దగ్గరికో, షాపింగ్ మాల్‌కో వెళ్తే చాలు... నత్తనడకే. పక్కనే ఉన్న స్నేహితుడిదీ అదే టవరు, ఫోనూ అదే మోడల్. అతడికి మాత్రం బాగానే ఉంటుంది. తేడా ఒక్కటే. స్నేహితుడు నెలనెలా ఎక్కువ డాలర్లు కడుతున్నాడు.

ఇద్దరికీ నెమ్మదించింది నెట్టే. కానీ కారణాలు వేరు. మొదటిదాన్ని వేగ పరిమితి అంటారు. రెండోదాన్ని నెట్‌వర్క్ ప్రాధాన్యం అంటారు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే అవసరం లేని ప్లాన్‌కి డబ్బు పోస్తాం, అవసరమైన దాన్ని వదులుకుంటాం.

కొళాయి... క్యూ!

వేగ పరిమితి అంటే కొళాయి లాంటిది. ఇంటికి రోజుకు ఇన్ని బిందెలని లెక్క. అవి నిండాక కొళాయి పూర్తిగా కట్టేయరు. చుక్కచుక్కగా వదులుతారు. అర్ధరాత్రి తేదీ మారగానే మళ్లీ ధారగా వస్తుంది. ఇక్కడ పక్కింటివాళ్లతో సంబంధం లేదు. ఊళ్లో మీరొక్కరే ఉన్నా చుక్కలే.

ప్రాధాన్యం అలా కాదు. దానికి తిరుమల క్యూలైన్లే సరైన పోలిక. సర్వదర్శనం, మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం, వీఐపీ బ్రేక్... దేవుడు ఒక్కడే, గుడి ఒక్కటే, లైన్లు వేరు. రద్దీ లేనప్పుడు ఎవరు ఏ లైన్లో వెళ్లినా పెద్ద తేడా ఉండదు. బ్రహ్మోత్సవాలప్పుడో, వేసవి సెలవుల్లోనో వెళ్తేనే ఏ లైన్లో ఉన్నామో తెలిసొస్తుంది.

సెల్‌ఫోన్ ప్రాధాన్యమూ అంతే. రద్దీ ఉంటేనే అది కనిపిస్తుంది. అర్ధరాత్రి పన్నెండింటికి స్పీడ్ టెస్ట్ చేసి 'మా ప్లాన్ అదిరింది' అనుకుంటే పొరబాటే. ఆ సమయంలో అందరి ప్లాన్లూ అదిరిపోతాయి.

అరవై నాలుగంటే ఎంత?

డేటా అయిపోయాక మన దేశంలో చాలా ప్లాన్లలో మిగిలేది 64 కేబీపీఎస్. బీఎస్‌ఎన్‌ఎల్ ప్లాన్లు చాలావాటిలో 40. ఈ అంకె చూడటానికి పెద్దగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు మెలిక ఇక్కడే. వేగాన్ని కొలిచేది 'బిట్ల'లో. మన ఫొటోలు, ఫైళ్ల సైజులు ఉండేది 'బైట్ల'లో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే 64ని ఎనిమిదితో భాగించాలి. సెకనుకు వచ్చేది ఎనిమిది కిలోబైట్లే.

ఇప్పుడు లెక్క వేద్దాం. పెళ్లిలో తీసిన రెండు ఎంబీల ఫొటో ఒక్కటి రావాలంటే నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. మాస్టారు పంపిన పది ఎంబీల పాఠం రావాలంటే ఇరవై నిమిషాలు దాటుతుంది. వాట్సప్‌లో అక్షరాల సందేశం వెళ్తుంది. వీడియో కాల్ ఊసెత్తొద్దు. దుకాణంలో డబ్బు చెల్లించడానికి వాడే యూపీఐకి డేటా కొంచెమే కావాలి కాబట్టి అది ఎలాగోలా జరుగుతుంది. కాకపోతే దుకాణదారు ముందు ఫోన్ పట్టుకుని 'వెళ్తోందండీ... వెళ్తోందండీ' అంటూ నిలబడాల్సి రావచ్చు.

ఇంకో కొలతతో చూస్తే విషయం మరింత బాగా అర్థమవుతుంది. మన దేశంలో 'బ్రాడ్‌బ్యాండ్' అనిపించుకోవాలంటే కనీస వేగం ఎంత ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించింది. అంతకుముందు 512 కేబీపీఎస్‌గా ఉన్న దాన్ని 2023 జనవరిలో రెండు ఎంబీపీఎస్‌కి పెంచింది. 64 కేబీపీఎస్ అంటే అందులో ముప్పయ్యో వంతు. పేరుకు 'అపరిమితమే', నిజానికి అది ప్రభుత్వ లెక్కలో బ్రాడ్‌బ్యాండే కాదు.

ఈ పద్ధతి అందరికీ అలవాటైంది 2016 నుంచి. ఆ ఏడాది సెప్టెంబరు 5న జియో ఉచిత డేటాతో మొదలైంది. తొలి ఆఫర్లో రోజుకు నాలుగు జీబీలు దాటితే వేగం 128 కేబీపీఎస్‌కి తగ్గేది. అంతకుముందు నెలకు ఒక జీబీని పొదుపుగా వాడుకున్న జనం రోజుకు జీబీల చొప్పున లెక్క పెట్టుకోవడం నేర్చుకున్నారు. పరిమితి దాటగానే బిల్లు పెరిగిపోతుందన్న భయం పోయింది. దాని స్థానంలో వేగం పడిపోవడం వచ్చింది.

'మీరు సగం డేటా వాడేశారు', 'తొంభై శాతం అయిపోయింది' అంటూ వచ్చే ఎస్సెమ్మెస్‌లను విసుక్కుంటూ తీసేస్తుంటాం కదా... అవి కంపెనీలు మనమీద ప్రేమతో పంపేవి కావు. పరిమితి గురించీ, ఆ తర్వాత వచ్చే వేగం గురించీ వినియోగదారుడికి స్పష్టంగా చెప్పాలంటూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో ఇచ్చిన ఆదేశం ఫలితమవి.

రెండు నిమిషాల్లో రోజంతా!

వేగం పెరిగితే మంచిదేగా? మంచిదే. కానీ దానికో చిక్కుంది. రోజుకు ఒకటిన్నర జీబీల ప్లాన్ ఉందనుకోండి. నెట్ పది ఎంబీపీఎస్ వేగంతో ఆగకుండా వస్తే ఆ డేటా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. వంద ఎంబీపీఎస్ వేగంతో వస్తే... రెండే నిమిషాలు!

మేమంత వేగంగా ఎక్కడ వాడతాం అనుకోవద్దు. మన తరఫున యాప్‌లే వాడేస్తాయి. నెట్ నెమ్మదిగా ఉంటే వీడియో యాప్ బొమ్మ నాణ్యత తగ్గించి చూపిస్తుంది. గంటకు ఒక జీబీ లోపే సరిపోతుంది. నెట్ బాగుంటే మనల్ని అడక్కుండానే హెచ్‌డీలోకి మారిపోతుంది. అప్పుడు గంటకు మూడు జీబీల దాకా ఖర్చవుతుంది. అంటే ఒకటిన్నర జీబీ అరగంట ముచ్చటే. అయిదంగుళాల తెరమీద ఆ తేడా మన కంటికి కనపడేది తక్కువ. డేటా లెక్కలో కనపడేది ఎక్కువ. యాప్ సెట్టింగుల్లోకి వెళ్లి 'డేటా సేవర్' పెట్టుకుంటే అక్క ఫోన్ రాత్రి ఎనిమిదిన్నరకి ఆగిపోయేది కాదు.

5జీ వచ్చాక ఈ లెక్క ఇంకాస్త మారింది. 2022 అక్టోబరు 1న దేశంలో 5జీ సేవలు మొదలయ్యాయి. ఎయిర్‌టెల్ తొలి ఎనిమిది నగరాల జాబితాలో హైదరాబాద్ ఉంది. అదే ఏడాది డిసెంబరు 26న తిరుమల, విశాఖపట్నం, విజయవాడ, గుంటూరుల్లో జియో 5జీ వచ్చింది. మొదట్లో 5జీ ఫోన్ ఉంటే చాలు, లెక్కాపత్రం లేకుండా వాడుకోనిచ్చారు. 2024 జులైలో ధరలు పెంచినప్పుడు పద్ధతి మారింది. రోజుకు రెండు జీబీలు, అంతకుమించి ఇచ్చే ప్లాన్లవారికే అపరిమిత 5జీ అన్నారు. కాబట్టి 5జీ ఫోన్ కొన్నంత మాత్రాన సరిపోదు. మీ ప్లాన్‌లో 5జీ అపరిమితమో, లేక రోజువారీ కోటాలోంచే తరుగుతుందో చూసుకోవాలి. రెండోదైతే పైన చెప్పిన రెండు నిమిషాల లెక్క గుర్తుపెట్టుకోండి.

టవరు దగ్గర ఏం జరుగుతుంది?

ఇప్పుడు రెండో సంగతికి, క్యూ దగ్గరికి వద్దాం. సెల్ టవరు నుంచి ప్రతి ఫోన్‌కీ విడిగా తీగ ఉండదు. గాలిలో ఉన్న ఒకే తరంగాల పట్టీని అందరూ పంచుకోవాలి. 4జీలో 20 మెగాహెర్ట్జ్‌ల పట్టీని వంద ముక్కలుగా చేస్తారు. సెకనులో వెయ్యోవంతు సమయానికి ఒకసారి టవరులోని కంప్యూటరు నిర్ణయం తీసుకుంటుంది... 'ఈ క్షణం ఏ ముక్క ఎవరికి?' అని. అంటే సెకనుకు వెయ్యి పంపకాలు! పెళ్లి పంక్తిలో వడ్డించేవాడికి కూడా అంత చురుకుదనం ఉండదు.

ఇలాంటి మామూలు 4జీ పట్టీమీద పుస్తకంలో రాసుకున్న గరిష్ఠ వేగం 150 ఎంబీపీఎస్. అది మొత్తం అందరికీ కలిపి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరికీ దక్కుతుంది. వందమంది ఒకేసారి వీడియోలు చూస్తే తలా ఒకటిన్నర. జాతరలో, రాజకీయ సభలో, మ్యాచ్ జరిగే స్టేడియంలో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ కదలకపోవడానికి ఇదే కారణం. గీతలు చెప్పేది టవరు మాట మీకు ఎంత గట్టిగా వినపడుతోందన్నదే. ఆ టవరు ముందు ఎంతమంది చేతులు చాచి ఉన్నారన్నది గీతలు చెప్పవు.

ఆ పంపకంలో ఎవరిని ముందు చూడాలో చెప్పడానికి 4జీ ప్రమాణాల్లోనే తరగతులున్నాయి. వాటికి ఒకటి నుంచి తొమ్మిది వరకు నంబర్లు ఇచ్చారు. ఒకటో నంబరు ఫోన్ మాటలది. దానికి కొంత దారి ముందే కేటాయించి ఉంచుతారు. నెట్ ఆగిపోయినప్పుడు కూడా ఫోన్ కాల్ కలవడానికి కారణమదే. మనం వాడే మామూలు ఇంటర్నెట్ ఆరు నుంచి తొమ్మిది నంబర్లలోకి వస్తుంది. వీటిలో అంకె చిన్నదయ్యేకొద్దీ వరసలో ముందుంటారు. తొమ్మిది అంటే చివరి వరస. చివరి వరసవాళ్లకి అసలు ఇవ్వరని కాదు... ముందువాళ్లకి పెట్టాక మిగిలింది పెడతారు.

డాలస్ అబ్బాయి కథ

ఈ తరగతులను ప్లాన్ల ధరలతో ముడిపెట్టి అమ్మడం అమెరికాలో మామూలైపోయింది. అక్కడ దేశమంతా సొంత టవర్లున్న పెద్ద కంపెనీలు మూడు... వెరిజాన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. వాటి టవర్లనే వాడుకుంటూ తక్కువ ధరకు సిమ్‌లు అమ్మే బ్రాండ్లు ఎన్నో. మింట్ సిమ్ వేసుకుంటే నడిచేది టీ-మొబైల్ టవరుమీద. విజిబుల్‌ది వెరిజాన్ టవరు. క్రికెట్‌ది ఏటీ అండ్ టీ. కొన్ని చిన్న బ్రాండ్లు ఇప్పుడు పెద్ద కంపెనీలవే. చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు మొదట వెతికేది ఇలాంటి చవక సిమ్‌ల కోసమే. అందులో తప్పులేదు. టవరు అదే, కవరేజీ దాదాపు అదే. తేడా అంతా రద్దీలోనే.

ఖరీదైన ప్లాన్లలో 'ప్రీమియం డేటా' అని ఉంటుంది. దానర్థం వరసలో ముందుంచుతామని. కొన్నింటిలో దానికీ హద్దుంటుంది... నెలకు ఇన్ని జీబీల వరకు ముందు వరస, ఆ తర్వాత వెనక్కి. చవక ప్లాన్ల నిబంధనల్లో మాత్రం 'నెట్‌వర్క్ రద్దీగా ఉన్నప్పుడు మీ వేగం తాత్కాలికంగా తగ్గవచ్చు' అన్న వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యానికీ అర్థం 'మీరు మొదటి రోజు నుంచే చివరి వరసలో ఉన్నారు' అని.

ఇవి కాక విడిగా వేగ పరిమితులూ ఉంటాయి. విజిబుల్ 2018లో మొదలైనప్పుడు ఎంత వాడుకున్నా అడగం, వేగం మాత్రం అయిదు ఎంబీపీఎస్ దాటదంది. తర్వాత ఆ హద్దు తీసేసింది. క్రికెట్ చవక ప్లాన్లలో ఒకప్పుడు ఎనిమిది ఎంబీపీఎస్ హద్దు ఉండేది. చాలా ప్లాన్లు వీడియోని మాత్రం 480పీ నాణ్యతకి కట్టేస్తాయి. హాట్‌స్పాట్‌కి మరో లెక్క. కాబట్టి అక్కడ ప్లాన్లు పోల్చాలంటే ధర, జీబీలు చూస్తే చాలదు. వరస, హద్దు, వీడియో, హాట్‌స్పాట్... నాలుగూ చూడాలి.

ఇదంతా జనానికి అర్థం కావడం లేదన్న ఫిర్యాదులు అక్కడా ఉన్నాయి. 'అన్‌లిమిటెడ్' పేరుతో అమ్మి వేగం తగ్గించినందుకు ఏటీ అండ్ టీమీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో దావా వేసింది. 2019లో ఆ కంపెనీ ఆరు కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. బిస్కట్ ప్యాకెట్ మీద పోషకాల పట్టిక ఉన్నట్టే ఇంటర్నెట్ ప్లాన్‌కీ ధర, వేగం, డేటా వివరాల పట్టిక చూపాలన్న నిబంధన పెద్ద కంపెనీలకు 2024 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చింది. అమెరికాలో ఉన్న పిల్లలకు ఒక మాట చెప్పండి... సిమ్ కొనేముందు ఆ పట్టిక చదవమని.

మన దగ్గరా ప్రయత్నం జరిగింది

'డబ్బెక్కువ ఇస్తే ముందు వరస' అన్న ఆలోచన మన దేశంలోకీ వచ్చింది. 2019 నవంబరులో వొడాఫోన్ ఐడియా 'రెడ్ఎక్స్' పేరుతో 999 రూపాయల పోస్ట్‌పెయిడ్ ప్లాన్ తెచ్చింది. మిగతావారికన్నా యాభై శాతం వరకు ఎక్కువ వేగం అంది. 2020 జులైలో ఎయిర్‌టెల్ 'ప్లాటినం' తెచ్చింది. 499 రూపాయలు, అంతకుమించిన పోస్ట్‌పెయిడ్ ప్లాన్లు వాడేవారికి 4జీలో ప్రాధాన్యం ఇస్తామంది.

అప్పుడు కరోనా కాలం. పిల్లల చదువులు, పెద్దల ఉద్యోగాలు అన్నీ ఇళ్లలో ఫోన్లమీదే నడుస్తున్న రోజులు. ట్రాయ్ వెంటనే రంగంలోకి దిగింది. రెండు ప్లాన్లనూ ఆపమని లేఖ రాసింది. అది వేసిన ప్రశ్న సూటిగా ఉంది: కొందరికి వేగం పెంచడం అంటే మిగతావారి వేగం తగ్గించడం కాదా? వారి ప్రయోజనాలను ఎలా కాపాడతారు?

ఆ ప్రశ్నలోనే అసలు సంగతంతా ఉంది. కొళాయి సంగతి వేరు. నేను రెండు బిందెలు ఎక్కువ కొనుక్కుంటే మీ బిందె తగ్గదు. క్యూ అలా కాదు. నేను ముందుకు జరిగితే నా వెనకవాళ్లు వెనక్కి వెళ్లాల్సిందే. టవరులో ఉన్న వంద ముక్కలు నూట ఒకటి కావు.

వొడాఫోన్ ఐడియా టెలికాం ట్రైబ్యునల్‌కి వెళ్లి తాత్కాలిక ఊరట తెచ్చుకుంది. విచారణ కొనసాగించుకోవచ్చని ట్రాయ్‌కీ వెసులుబాటు దొరికింది. ఆగస్టులో, ప్లాన్ వివరాల్లో స్పష్టత లేదు, తప్పుదోవ పట్టించేలా ఉందంటూ ఆ కంపెనీకి ట్రాయ్ నోటీసు ఇచ్చింది. చివరికి ఎక్కువ వేగం ఇస్తామన్న మాటను కంపెనీ ప్లాన్‌లోంచి తీసేసింది.

ఇక్కడ ఓ సందేహం రావచ్చు. మన దేశంలో నెట్ న్యూట్రాలిటీ ఉందిగా, మరి ఇలాంటివి ఎలా తెచ్చారని. ట్రాయ్ 2016 ఫిబ్రవరిలో, ఏ వెబ్‌సైట్ చూస్తున్నారన్న దాన్నిబట్టి డేటా ధర మార్చకూడదని నిబంధన తెచ్చింది. ఒక సైటుని వేగంగా, మరో సైటుని నెమ్మదిగా చూపించకూడదన్న సూత్రాన్ని 2018లో కేంద్రం ఆమోదించింది. ఇవన్నీ సైట్ల మధ్య, యాప్‌ల మధ్య సమానత్వం గురించి. ఎక్కువ కట్టే మనిషికీ, తక్కువ కట్టే మనిషికీ మధ్య సమానత్వం గురించి వాటిలో అంత తేటగా లేదు. ఆ సందులోంచే ప్రాధాన్యం ప్లాన్లు వచ్చాయి.

5జీతో ఆ ప్రశ్న మళ్లీ తలుపు తడుతోంది. ఒకే నెట్‌వర్క్‌ని విడివిడి దారులుగా చీల్చి, ఒక్కో దారికి ఒక్కో హామీ ఇచ్చే వీలు 5జీలో పుట్టుకతోనే ఉంది. దాన్ని 'స్లైసింగ్' అంటారు. ఆసుపత్రి అంబులెన్సుకి ఒక దారి, ఫ్యాక్టరీ యంత్రాలకు ఒక దారి అంటే ఎవరూ కాదనరు. డబ్బున్న ఆటగాడికి ఒక దారి అంటేనే చర్చ మొదలవుతుంది.

మంటల మధ్య ఆగిన నెట్

ఈ పరిమితుల వల్ల సినిమా ఆగితే పోనీ అనుకుంటాం. 2018 వేసవిలో కాలిఫోర్నియాలో జరిగింది వింటే అలా అనుకోలేం. అక్కడ మెండొసీనో కాంప్లెక్స్ అన్న కార్చిచ్చు రాష్ట్ర చరిత్రలోనే అప్పటివరకు చూడనంతగా విస్తరించింది. మంటలార్పడానికి వెళ్లిన శాంటాక్లారా కౌంటీ అగ్నిమాపక శాఖ దగ్గర ఒక ప్రత్యేక వాహనం ఉంది. ఏ బండి ఎక్కడుందో, మంట ఎటు మళ్లుతోందో చూసుకుని సిబ్బందిని నడిపించే కంప్యూటర్లన్నీ అందులోనే. దానికి నెట్ ఇచ్చేది మామూలు సెల్ సిమ్మే.

ఆ సిమ్‌లోని డేటా నెల కోటా దాటిపోయింది. అంతే... వేగం అంతకుముందున్న దాంట్లో 200వ వంతుకి పడిపోయిందని ఆ శాఖ అధిపతి తర్వాత కోర్టుకు తెలిపారు. సిబ్బంది తమ సొంత ఫోన్ల నెట్‌తో నెట్టుకొచ్చారు. కంపెనీకి ఉత్తరాలు రాస్తే ఖరీదైన ప్లాన్‌కి మారమన్న జవాబొచ్చింది. విషయం బయటపడి గొడవయ్యాక వెరిజాన్ తప్పు ఒప్పుకుంది. ఆపదలో ఉన్నప్పుడు పరిమితి ఎత్తేయాలన్నది తమ విధానమేననీ, తమ సిబ్బంది పొరబడ్డారనీ చెప్పింది.

ఇందులో మనకూ ఓ పాఠం ఉంది. నెట్‌వర్క్‌కి ఎదురుగా ఉన్నది మంటలార్పేవాడో, ఆటాడుకునేవాడో తెలియదు. దానికి తెలిసింది ప్లాన్ ఒక్కటే. అందుకే అమెరికాలో పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్సుల కోసం 'ఫస్ట్‌నెట్' పేరుతో విడిగా ముందు వరస కట్టారు. ప్రాధాన్యం అన్నది చెడ్డ మాటేమీ కాదు. ఎవరికి, ఎందుకు ఇస్తున్నామన్నదే ముఖ్యం.

మరి మనమేం చేయాలి?

మొదట, నెమ్మదించడానికి కారణం కనిపెట్టండి. ఎక్కడికెళ్లినా, ఏ వేళైనా నెమ్మదిగానే ఉండి, అర్ధరాత్రి దాటాక బాగుపడుతోందా? అయితే అది కోటా. ఎక్కువ డేటా ఉన్న ప్లానో, యాప్‌లో డేటా సేవరో దానికి మందు. డేటా మిగిలే ఉన్నా సాయంత్రం ఏడు నుంచి పదింటి వరకే నెమ్మదిస్తోందా? అది రద్దీ. దానికి ఎక్కువ జీబీలు కొన్నా లాభంలేదు. అన్నం కుండలో లేనప్పుడు విస్తరి పెద్దది వేసుకుంటే ఏం వస్తుంది? మీ వీధిలో రద్దీ తక్కువున్న కంపెనీకి మారాలి. వేళతో పనిలేకుండా ఇంట్లో ఒక గదిలో మాత్రమే నెమ్మదిగా ఉంటే అది సిగ్నల్ లోపం.

మరో సంగతి. తిరుమల టికెట్లు విడుదలయ్యే వేళ, తత్కాల్ రైలు టికెట్ల వేళ, పరీక్ష ఫలితాల వేళ పేజీ తెరుచుకోకపోతే మీ ప్లాన్‌ని తిట్టుకోకండి. అప్పుడు రద్దీ టవరు దగ్గర కాదు, అవతలి సర్వరు దగ్గర. ఎంత ఖరీదైన ప్లాన్ ఉన్నా అక్కడ అందరిదీ ఒకటే క్యూ.

ఊళ్లో ఉండే తాతయ్య, బామ్మలు ఫోన్ మాట్లాడటానికే వాడితే వాళ్లకి డేటా ప్లాన్ ఎందుకు? మాటలు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే రీఛార్జిలు విడిగా ఉండాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. ఆ తర్వాతి నెలలోనే అవి వచ్చాయి. కాకపోతే వాటి ప్రకటనలు పెద్దగా కనిపించవు. అడిగి వేయించుకోవాలి.

రీఛార్జికి ముందు అయిదు ప్రశ్నలు

* రోజువారీ కోటా ఎంత, అది దాటాక వేగం ఎంత? కేబీపీఎస్ అంకెను ఎనిమిదితో భాగించి చూసుకోండి.

* 5జీ అపరిమితమా, కోటాలోంచే పోతుందా? మీ వీధిలో 5జీ అసలు ఉందా? 2024 అక్టోబరు నుంచి అమలైన నిబంధనల ప్రకారం కంపెనీలు తమ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో ఉంచాలి. ఒకసారి చూడండి.

* మీరు నెట్ ఎక్కువ వాడే వేళ ఏది? ఆ వేళలోనే, మీరు వాడే చోటే స్పీడ్ టెస్ట్ చేయండి. ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్ ఉచితం. ఒక్కరోజు కాదు, మూడు నాలుగు రోజులు చూడండి.

* పక్కింటివాళ్లది వేరే కంపెనీయా? అదే వేళలో వాళ్ల ఫోన్‌లోనూ ఒకసారి చూడమనండి. దీన్ని మించిన సర్వే లేదు.

* మారాలనుకుంటే నంబరు మారుతుందన్న బెంగ వద్దు. దేశమంతటా 2011 జనవరి నుంచీ ఆ సౌకర్యం ఉంది. PORT అన్న మాట, ఖాళీ, మీ నంబరు కొట్టి 1900కి ఎస్సెమ్మెస్ పంపితే కోడ్ వస్తుంది. సేవల్లో లోపముంటే 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోండి.

మళ్లీ ఆ ఇంటికి...

రాత్రి పదయింది. నాన్నగారు హాట్‌స్పాట్ ఇచ్చారు. అక్క ఫైలు వెళ్లిపోయింది. మ్యాచ్ చివరి రెండు ఓవర్లు మాత్రం ఆయనకు చక్రం తిరుగుతూనే గడిచాయి.

''పోనీలే, నీ చదువుకన్నానా!'' అన్నారు.

వరసలో ఎవరు ముందుండాలో ఆ ఇంట్లో ఎవరూ చెప్పనక్కర్లేదు. అవసరమున్నవాళ్లే ముందు. 1995 జులై 31న దేశంలో తొలి సెల్ కాల్ కలిసినప్పుడు ఫోన్ చేతిలో ఉండటమే గొప్ప. ఇప్పుడు ఫోన్ అందరి చేతిలోనూ ఉంది. గొప్పా బీదా తేడా కంటికి కనపడని ఆ క్యూలోకి మారింది. ఆ క్యూ ఎలా నడవాలో తేల్చాల్సింది కంపెనీలు, ట్రాయ్, ప్రభుత్వం. మన వరకు మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి రీఛార్జి చేసేటప్పుడు పెద్ద అక్షరాలు వదిలేసి, చిన్న అక్షరాలు చదవడం.